పాలపిట్ట పెట్టె నంబర్ 2 ఎవరికైనా దొరికిందా?

వేపచెట్టు_నీడ | శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్తే. ఉగాదికి మా కాలనీ పార్కులో (సైనిక్‌పురి వైపు) రెండు లెటర్‌బాక్సులు పెట్టానని అప్పట్లో ఇక్కడే రాశాను. మొదటిది నలుగురికి దొరికింది, పుస్తకంలో నాలుగు ముద్రలు పడ్డాయి. రెండోది మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ముగ్గురు నాకు మెసేజ్ పెట్టారు, అందులో ఒకాయన మూడు ఆదివారాలు తిరిగాడట. నేనే వెళ్ళి చూసుకుందామంటే మెట్ల మీద కాలు బెణికి కట్టు కట్టించుకుని కూర్చున్నా, ఇంకో పదిహేను రోజులు గడప దాటొద్దని మా ఆవిడ ఆర్డర్. పెట్టె పోయిందా, లేక నా క్లూ అంత కష్టంగా ఉందా?

కొత్తవాళ్ళ కోసం క్లూ మళ్ళీ పెడుతున్నా.

మొదటి పెట్టెకి:
పెద్ద గేటు దాటి రా, బోరు మోత విను,
నీళ్ళు తాగని కుండ దగ్గర పక్కకి తిరుగు.
ముగ్గురు తాతలు ముచ్చట్లాడే చోట
పెద్ద తాత నడుం కింద చెయ్యి కాదు, కర్ర పెట్టు.

రెండోదానికి (మొదటి పెట్టె మూత లోపల రాసి ఉంటుంది):
ముద్ర వేసుకో, తాతలకి దండం పెట్టుకో.
పిట్ట ముక్కు ఎటు చూపితే అటు దారి పట్టు.
అరవై అడుగులు. రెండు కొమ్మల వేప.
వంగి చూస్తే ఇటుక, ఇటుక వెనక నేను.

చింటూ_వాళ్ళ_నాన్న | శనివారం, రాత్రి 9:40

అన్నా ఏమనుకోకండి, లెటర్‌బాక్స్ అంటే పోస్టాఫీసు ఎర్ర డబ్బానే కదా? దాన్ని పార్కులో దాచడం ఏంటి? మా వాడికి తొమ్మిదేళ్ళు, సెలవు వస్తే ఫోన్ వదలడం లేదు, ఏదైనా బయట తిరిగే ఆట ఉందేమో అని వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది.

మాస్టారు_మౌలాలి | శనివారం, రాత్రి 10:22

చింటూ వాళ్ళ నాన్నగారూ, మీ సందేహం న్యాయమైనదే. పేరులో ఉత్తరం ఉంది గానీ ఇది ఉత్తరాల డబ్బా కాదు. కాకపోతే పేరు ఉత్తరాల వల్లే వచ్చింది, కొంచెం ఓపికగా చదవండి.

ఇంగ్లండులో డెవన్ అని ఒక జిల్లా. అక్కడ డార్ట్‌మూర్ అనే బీడు ఉంది, ఎటు చూసినా బురద నేల, గ్రానైటు గుట్టలు. గుట్టల మాట వచ్చినప్పుడల్లా నాకు మా మౌలాలి గుట్టే గుర్తొస్తుంది, అది వేరే సంగతి. 1854లో జేమ్స్ పెరట్ అనే ఆయన, చాగ్‌ఫర్డ్ ఊళ్ళో గైడు, ఆ బీడు నడిమధ్యన క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా పెట్టాడు. అక్కడికి చేరడమే గగనం. అందుకని చేరినవాళ్ళు గుర్తుగా తమ పేరున్న కార్డు అందులో వేసి వచ్చేవారు. తర్వాత తర్వాత జనం తమ చిరునామాకే ఉత్తరం రాసుకుని అక్కడి పెట్టెలో వదిలేవారు. ఆ తర్వాత వచ్చినవాడు దాన్ని తీసుకెళ్ళి తన ఊళ్ళో పోస్టు చేసేవాడు. నీ ఉత్తరం నీకు ఎప్పుడు, ఏ ఊరి ముద్రతో చేరుతుందో తెలియదు, ఆటంతా అందులోనే ఉంది. లెటర్‌బాక్స్ అనే పేరు అలా నిలిచిపోయింది.

ఇప్పుడు ఉత్తరాలు లేవు. పెట్టెలో ఒక చిన్న పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు ఉంటాయి. వెతికేవాడి దగ్గర కూడా తన సొంత స్టాంపు, పుస్తకం, స్టాంప్ ప్యాడ్ ఉంటాయి. పెట్టెలో ఉన్న ముద్ర మీ పుస్తకంలో వేసుకోవాలి, మీ ముద్ర పెట్టెలోని పుస్తకంలో వేయాలి, తేదీ రాసి, పెట్టెని ఎలా ఉందో అలా పెట్టేసి రావాలి. అంతే. డార్ట్‌మూర్‌లో వంద పెట్టెలు కనుక్కున్నవాళ్ళకి హండ్రెడ్ క్లబ్ అని ఒకటి ఉంది. అమెరికాలో 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చాక అక్కడా పాకింది.

అడ్డుపుల్ల | శనివారం, రాత్రి 10:31

అంటే కిలోమీటరు నడిచి, రాయి కింద డబ్బా తీసి, స్టాంపు గుద్దుకుని ఇంటికి రావడం. ఆఫీసులో నేను రోజూ చేసేది ఇదే, వాళ్ళు జీతం కూడా ఇస్తారు.

గుట్టల_రాజు | శనివారం, రాత్రి 10:38

అడ్డుపుల్లన్నా నువ్ మారవు 😂

వేపచెట్టన్నా, మూడు ఆదివారాలు తిరిగినోడిని నేనే. మొదటి పెట్టె పది నిమిషాల్లో దొరికింది. తాతలంటే మూడు గుండ్లు, అది మస్తుంది. నీళ్ళు తాగని కుండ అంటే ఆ పగిలిపోయిన సిమెంటు ఫౌంటెన్, దాన్ని చూసి నవ్వు ఆగలేదు. రెండోదే తలనొప్పి. తాతలకి దండం పెట్టిన, ముక్కు చూపిన దిక్కు పోయిన, అరవై అడుగులు లెక్కబెట్టిన. వేపచెట్టు ఉంది, రెండు కొమ్మలే ఉంది. ఇటుకలు కూడా ఉన్నయి, పూలమడి అంచుకి ఏటవాలుగా పాతినవి, ఒకటి కాదు నలభై ఉన్నయి. నలభై ఇటుకల వెనకా చూసిన. ఒక తేలు దొరికింది.

చింటూ_వాళ్ళ_నాన్న | శనివారం, రాత్రి 10:45

తేలా?

గుట్టల_రాజు | శనివారం, రాత్రి 10:52

అందుకే క్లూలో "చెయ్యి కాదు, కర్ర" అన్నడు. వానలు మొదలైనంక రాళ్ళ కింద చెయ్యి పెట్టుడు అస్సలు వద్దు. తేళ్ళు, జెర్రులు అయితే సరే, పొడి ఆకుల మధ్య రక్తపింజర పడుకుంటే మన కంటికి ఆకులాగే కనిపిస్తది. ముందు కర్రతో చప్పుడు చెయ్యాలె, రాయిని మన వైపుకి కాకుండా అవతలి వైపుకి ఒరిగించాలె, బూట్లు తప్పనిసరి. పిల్లగాడు వస్తే క్లూ వాడు చదవాలె, పెట్టె మీరు తియ్యాలె. ఇంకోటి, తోవ పక్కన తెల్ల పూల వయ్యారిభామ ఎంత ఉంటదో తెలుసు కదా, చేతులు దురద పెడతయి, పొడుగు చేతుల చొక్కా వెయ్యండి.

సుధ_తార్నాక | ఆదివారం, ఉదయం 6:05

నేను కూడా వెళ్ళాను అండి, మీకు మెసేజ్ పెట్టిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఒక చిన్న పొరపాటు చేశాను, ఇక్కడ చెప్పుకోవాల్సిందే.

ఆ వేపచెట్టు కింద వంగి వెతుకుతుంటే మాలి వచ్చి "ఏం పోయిందమ్మా" అన్నాడు. లెటర్‌బాక్సు, ముద్ర, డార్ట్‌మూర్ అని ఎక్కడ మొదలుపెట్టను? నోట్లోంచి "చెవి దుద్దు" అని వచ్చేసింది. పాపం ఆయన గొట్టం పక్కన పడేసి నాతోపాటు వెతికాడు. వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు పెద్దావిడలు ఆగారు. "బంగారందా?" అని ఒకావిడ. అప్పుడు కాదంటే బాగుండేది, నేను తల ఊపాను. ఇరవై నిమిషాల్లో ఎనిమిది మంది అయ్యారు. ఒకాయన చీపురు తెచ్చాడు. నేను ఫోన్ వచ్చినట్టు నటించి బయటపడ్డాను. నా రెండు చెవులకీ దుద్దులు ఉన్న సంగతి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది.

పెడన_పిల్ల | ఆదివారం, ఉదయం 7:20

సుధక్కా!!! టీ పొలమారింది నాకు.

వేపచెట్టు_నీడ | ఆదివారం, ఉదయం 7:48

సుధగారూ, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో "పార్కులో బంగారు దుద్దు పోయింది, దొరికినవారు తెలుపగలరు" అని వచ్చింది. ఎవరిదా అని మా ఆవిడ మూడు రోజులు ఆరా తీసింది. ఇప్పుడు నేనేం చెప్పను ఆవిడకి.

చింటూ_వాళ్ళ_నాన్న | ఆదివారం, ఉదయం 9:10

నిన్న రాత్రి మా వాడికి చెప్పాను, పొద్దున లేచి "నా స్టాంపు ఏది" అంటున్నాడు. స్టాంపు ఎక్కడ కొనాలి? కోఠీలో రబ్బరు స్టాంపులు చేసేవాళ్ళ దగ్గర చేయించాలా? ఇంకోటి, మాకు కేబీఆర్ పార్కు దగ్గర. అక్కడ నేనూ ఒక పెట్టె పెట్టొచ్చా?

పెడన_పిల్ల | ఆదివారం, ఉదయం 9:55

కొనకండి, చేయించకండి. వాడితోనే చెక్కించండి, సగం సరదా అదే. స్టేషనరీ షాపులో పెద్ద సైజు ఎరేజర్ తెచ్చుకోండి, గట్టిది కాదు, మెత్తగా వంగేది. ట్రేసింగ్ పేపరు మీద మెత్తటి పెన్సిలుతో, 4బీ 6బీ ఉంటాయి కదా, బొమ్మ గియ్యాలి. ఆ కాగితాన్ని బొమ్మ కిందకి ఉండేలా ఎరేజర్ మీద బోర్లించి వెనక నుంచి చెంచాతో రుద్దండి. పెన్సిలు గీత ఎరేజర్ మీదకి దిగిపోతుంది. తర్వాత గీత చుట్టూ ఉన్నదంతా సన్నటి కట్టర్‌తో తీసెయ్యాలి, గీత మాత్రం మిగలాలి. కట్టర్ మీ చేతిలో ఉండాలి, వాడి చేతిలో కాదు. బ్లేడు నిటారుగా దించకండి, కొంచెం బయటికి వంచి కొయ్యండి. అప్పుడు గీత అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది, వందసార్లు గుద్దినా విరగదు. నిటారుగా కోస్తే నాలుగో ముద్రకే పాలపిట్ట తోక ఊడుతుంది.

మా అమ్మమ్మగారి ఊరు పెడన, కలంకారీ అద్దకం ఊరు. మా మేనమామ టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. ఒక పువ్వుకి గీత అచ్చు ఒకటి, రంగు నింపడానికి మళ్ళీ వేరే అచ్చు, అన్నీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. చిన్నప్పుడు ఆ పొట్టులో ఆడుకున్నదాన్ని, అందుకే ఈ ఆటలో పడ్డాను. ఎరేజర్ చెక్కడం ఆ పని ముందు ఎంత అనిపిస్తుంది గానీ చేతికి ఆ వాసన, ఆ పొట్టు... సరే, సోది ఆపుతా.

మాస్టారు_మౌలాలి | ఆదివారం, ఉదయం 10:30

కేబీఆర్ గురించి. నాయనా, అది మామూలు పార్కు కాదు, 1998 నుంచి జాతీయ ఉద్యానం. వనస్థలిపురం హరిణ వనస్థలి, చిలుకూరు దగ్గర మృగవని, ఇవి కూడా జాతీయ ఉద్యానాలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాయి. లోపల ఏదీ దాచకూడదు, రాళ్ళు కదపకూడదు, బాట వదిలి పొదల్లోకి వెళ్ళకూడదు. నెమలి గుడ్లు పెట్టేది ఆ పొదల్లోనే. చక్కగా టికెట్ తీసుకుని నడిచి రండి, పెట్టె మాత్రం వద్దు. గోల్కొండ కూడా అంతే, గోడలో ఒక సందు కనిపించిందని డబ్బా దూర్చడం పెద్ద తప్పు, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. డార్ట్‌మూర్‌లోనే పాత రాతి కట్టడాల్లో, గోడల్లో పెట్టెలు పెట్టకూడదని ఆడేవాళ్ళు తమకు తాము నియమం పెట్టుకున్నారు, సిమెంటుతో అతికించకూడదని కూడా. మనకి మాత్రం ఎందుకు ఉండకూడదు?

కాలనీ పార్కులే నయం. ముందు అసోసియేషన్ వాళ్ళని అడగండి, మాలికీ వాచ్‌మన్‌కీ పెట్టె తెరిచి చూపించండి.

అడ్డుపుల్ల | ఆదివారం, ఉదయం 11:02

ఈసారి అడ్డు నిజంగానే వేస్తున్నా. హైదరాబాద్‌లో పార్కులో డబ్బా దాచడం అంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 2007 ఆగస్టు 25, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ బాంబు పేలుళ్ళు. ఆ సాయంత్రం మా అన్నయ్య కోఠీలో ఉన్నాడు, రాత్రి పదకొండు దాకా ఫోన్ కలవలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళు బస్సులో టిఫిన్ క్యారేజీ ఎవరైనా మరిచిపోతే బస్సు మొత్తం దిగిపోయేవాళ్ళం. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఎవరో రాయి వెనక డబ్బా చూసి వందకి ఫోన్ చేస్తే తప్పు ఎవరిది?

వేపచెట్టు_నీడ | ఆదివారం, ఉదయం 11:40

తప్పు నాదే అవుతుంది, అందులో వాదన లేదు. నేను ఏం చేశానో చెప్తా. పెట్టె పూర్తిగా పారదర్శకం, నాలుగు వైపులా నొక్కులుండే చిన్న లంచ్ బాక్స్, లోపల పుస్తకం, రబ్బరు ముక్క బయటికే కనిపిస్తాయి. నల్ల టేపు చుట్టలేదు. స్టీలు డబ్బా, పైపు ముక్క, వైరు, బ్యాటరీ ఇలాంటివి జన్మలో వాడకూడదు. మూత మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో "ఇది ఆట పెట్టె, తెరిచి చూడొచ్చు, మళ్ళీ ఇక్కడే ఉంచండి" అని రాసి నా ఫోన్ నంబరు వేశాను. అసోసియేషన్ ప్రెసిడెంటుకి పెట్టే చోటు కూడా చూపించాను, ఆయన "ఇందులో డబ్బులేం ఉండవు కదా" అని రెండుసార్లు అడిగి సరే అన్నాడు. మాలికి చూపించలేదు, అదొక్కటే పొరపాటు, మాస్టారు చెప్పాక అర్థమైంది. రైల్వే స్టేషన్, బస్టాండు, గుడి, మసీదు, మార్కెట్ దగ్గర ఎవరూ పెట్టొద్దు, ఇక్కడ అందరూ దానికి ఒప్పుకున్నవాళ్ళే.

అడ్డుపుల్ల | ఆదివారం, ఉదయం 11:47

సరే, పైపు ముక్క మాట ముందే చెప్పావు కాబట్టి ఒక మార్కు.

చింటూ_వాళ్ళ_నాన్న | ఆదివారం, సాయంత్రం 6:30

రిపోర్టు. ఎరేజర్ మీద "చింటూ" అని నేనే నేరుగా పెన్నుతో రాసి చెక్కాను, ట్రేసింగ్ పేపరు కోసం మళ్ళీ షాపుకి ఎవరు వెళ్తారని. రెండు గంటలు పట్టింది. ప్యాడ్ మీద అద్ది కాగితం మీద గుద్దితే ఏ భాషో అర్థం కావడం లేదు. "టూ" ముందుకొచ్చింది, అదీ తల అటు తిప్పుకుని. మా వాడు దాన్ని అద్దం ముందు పట్టుకుని చదివి ఇల్లంతా పరిగెత్తాడు.

పెడన_పిల్ల | ఆదివారం, సాయంత్రం 6:44

అందుకేనండీ బోర్లించి రుద్దమన్నాను! అచ్చు మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది. చెక్కేటప్పుడు తిప్పి చెక్కితేనే ముద్ర సరిగ్గా పడుతుంది. పువ్వుకైతే తేడా తెలియదు, అక్షరానికి తెలిసిపోతుంది. అది పారెయ్యకండి, వాడి రహస్య సంతకం అనుకోండి.

గుట్టల_రాజు | ఆదివారం, రాత్రి 8:15

పొద్దున మళ్ళా పోయిన, నాలుగోసారి. ఈసారి దిక్సూచి కూడా పట్టుకపోయిన, ఎందుకో నాకే తెల్వదు, క్లూలో దిక్కులే లేవు. ఫోన్‌లో దిక్సూచి యాప్ పెడితే ఉత్తరం నిమిషానికోసారి మారింది, చూస్తే ఫోన్ కవరుకి అయస్కాంతం మూత. అందరూ చూసుకోండి ఇది.

అడుగుల సంగతి కూడా ఆలోచించిన. నేను ఆరడుగులు ఉంటా, నా అరవై అడుగులు అంటే దగ్గరదగ్గర నలభై ఐదు మీటర్లు. వేపచెట్టన్నా నువ్వెంత పొడుగు? నువ్వు పొట్టోడివైతే నీ అరవై అడుగులు నాకు యాభై. అందుకని ముప్పై నుంచి ఎనభై దాకా ప్రతి చెట్టూ చూసిన. లేదు. పెట్టె పోయినట్టే. ఎవడో ఎత్తుకపోయిండు.

మాస్టారు_మౌలాలి | ఆదివారం, రాత్రి 8:40

ఐదడుగుల ఐదంగుళాలవాడు అడుగు అంటే ఏంటి, ఆరడుగులవాడు అంటే ఏంటి. అందుకే డార్ట్‌మూర్‌వాళ్ళు దిక్సూచి డిగ్రీలతో రాస్తారు, ఆ గుట్ట కొన ఇన్ని డిగ్రీల్లో, ఈ చెట్టు ఇన్ని డిగ్రీల్లో కనిపించే చోట నిలబడు అని. రెండు గీతలు కలిసే బిందువు ఒక్కటే కదా. క్లూ రాసేటప్పుడు అడుగుల మీద భారం వెయ్యకుండా కదలని గుర్తు ఒకటి ఇవ్వడం మేలు.

చింటూ_వాళ్ళ_నాన్న | ఆదివారం, రాత్రి 8:52

మా ఆఫీసులో ఒకతను జియోకాషింగ్ అంటాడు, ఇదీ అదీ ఒకటేనా?

గుట్టల_రాజు | ఆదివారం, రాత్రి 9:03

చుట్టాలు. జియోకాష్‌కి జీపీఎస్ కావాలె. 2000 మేలో అమెరికావాళ్ళు జీపీఎస్‌ని కావాలని మసకబరిచే పద్ధతి తీసేసిండ్రు, రెండు రోజులు తిరగకుండనే ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన బకెట్ దాచి అక్షాంశం, రేఖాంశం నెట్‌లో పెట్టిండు. అక్కడ మొదలైంది. అందులో బొమ్మో బిళ్ళో తీసుకుని బదులు ఇంకోటి పెట్టొచ్చు. మనదాంట్లో ఏమీ తీసుకోము, ముద్ర ఒక్కటే. ఫోన్ అక్కరలేదు, మీ పిల్లగాడికి ఇదే కరెక్టు.

వేపచెట్టు_నీడ | ఆదివారం, రాత్రి 9:30

నేను ఐదడుగుల ఆరంగుళాలు. రాజూ, ఎనభై దాకా చూశావంటే అడుగుల తేడా కాదు. పోయినట్టే ఉంది. మనసు చివుక్కుమంటోంది, ఆ పుస్తకం మా అమ్మ కుట్టి ఇచ్చింది, పాత క్యాలెండర్ కాగితాలు మడిచి, మధ్యలో దారంతో, తడి పట్టకూడదని అట్టకి కొవ్వొత్తి రుద్ది. లోపల తంగేడు పువ్వు ముద్ర, దాన్ని చెక్కడానికి మూడు ఎరేజర్లు పాడు చేశాను.

సుధ_తార్నాక | ఆదివారం, రాత్రి 9:41

వదిలెయ్యకండి. నా పుస్తకంలో పాలపిట్ట ముద్ర ఎంత బాగా పడిందో, రెక్క కింద ఆ చారలు కూడా వచ్చాయి. దసరాకి పిట్టని చూడలేకపోయినా ఇది చూసుకుంటా అనుకున్నాను. ఎడమకి తల తిప్పి, ఎవరో పిలిచినట్టు చూస్తూ ఉంటుంది.

వేపచెట్టు_నీడ | ఆదివారం, రాత్రి 9:44

థాంక్స్ అండి. కానీ ఎడమకి కాదు, కుడికి కదా.

సుధ_తార్నాక | ఆదివారం, రాత్రి 9:46

పుస్తకం నా ఎదురుగానే ఉంది. ఎడమకే.

గుట్టల_రాజు | ఆదివారం, రాత్రి 9:47

నాదాంట్ల కూడా ఎడమే. అందుకే ఎడమ తోవ పట్టిన.

వేపచెట్టు_నీడ | ఆదివారం, రాత్రి 9:49

లేదు లేదు, కుడికే. నేను చెక్కిన స్టాంపు ఫోటో నా ఫోన్‌లో ఉంది, ఇప్పుడే చూశాను. ముక్కు కుడికి.

పెడన_పిల్ల | ఆదివారం, రాత్రి 9:50

అన్నయ్యా. స్టాంపు ఫోటోనా, ముద్ర ఫోటోనా?

వేపచెట్టు_నీడ | ఆదివారం, రాత్రి 9:58

...

అడ్డుపుల్ల | ఆదివారం, రాత్రి 9:59

ఇన్నాళ్ళకి ఈ ఆట నాకు నచ్చడం మొదలైంది.

వేపచెట్టు_నీడ | ఆదివారం, రాత్రి 10:15

సరే, నవ్వుకోండి. నేరుగా ఎరేజర్ మీదే గీశాను, పిట్టకి తిరగబడితే ఏముంది అనుకుని. గుద్ది చూశాను కూడా, ముద్ర బాగా పడిందని మురిసిపోయానే తప్ప ముక్కు ఎటుందో పట్టించుకోలేదు. క్లూ రాసేటప్పుడు చేతిలో ఉన్నది ఎరేజర్. దాని ముక్కు చూసి కుడి దారిలోకి వెళ్ళి అరవై లెక్కపెట్టి పెట్టె పెట్టాను. ఎడమ దారిలో కూడా రెండు కొమ్మల వేప ఉందని నాకు తెలియదు, పదకొండేళ్ళుగా అదే పార్కులో నడుస్తున్నా. రాజూ, నాలుగు ఆదివారాలు. క్షమించు తమ్ముడూ, బిర్యానీ బాకీ.

గుట్టల_రాజు | ఆదివారం, రాత్రి 10:17

రెండు బిర్యానీలు. తేలుకి వేరే.

పెడన_పిల్ల | ఆదివారం, రాత్రి 10:20

నేను రేపు పొద్దున్నే వెళ్తా. కూకట్‌పల్లి నుంచి సైనిక్‌పురి ఎంత దూరమో తెలుసు, ఎవరూ ఏమీ అనొద్దు.

పెడన_పిల్ల | సోమవారం, ఉదయం 7:35

దొరికింది!!!

కుడి దారి, నా లెక్కకి అరవై ఎనిమిది అడుగులు. వేప మొదట్లో ఒకే ఒక్క ఇటుక, నాచు పట్టి. కర్రతో తట్టాను, ఒక కప్ప తప్ప ఎవరూ రాలేదు. పెట్టె లోపల ఒక్క చుక్క నీళ్ళు లేవు, సిలికా జెల్ పొట్లాలు మాత్రం మెత్తబడ్డాయి, నా దగ్గరున్న కొత్తవి రెండు వేశాను. మీ అమ్మగారి పుస్తకం ముట్టుకుంటే ఇప్పటికీ నున్నగా ఉంది.

అయితే మొదటి ముద్ర నాది కాదు. మొదటి పేజీలో బాల్‌పెన్నుతో, "ఇక్కడ నీళ్ళు నిలుస్తున్నయ్. డబ్బ కింద రెండు పెంకులు పెట్టిన. మాలి." అని ఉంది. పక్కన స్టాంపు బదులు బొటనవేలు, ఆకుపచ్చగా, గడ్డి పసరో ఏమో. నిజంగానే కింద రెండు పెంకులు ఉన్నాయి, అవి లేకపోతే మొన్నటి వానకి పుస్తకం ముద్దయ్యేది.

బయటికి వస్తుంటే ఆయనే ఎదురయ్యాడు. ఆ పెట్టె సంగతి మీకు ముందే తెలుసా అంటే, "ఎండాకాలం నుంచే ఎరుకనమ్మా, మీద రాసి ఉంది కదా తెరిచి చూడొచ్చని" అన్నాడు. మరి ఇంతమంది వెతుకుతుంటే చెప్పలేదేం అంటే, "వాళ్ళు డబ్బ కోసం వచ్చిండ్రని నాకేం తెలుసు? దుద్దు కోసమన్నరు."

సుధ_తార్నాక | సోమవారం, ఉదయం 7:52

నేను ఇంక ఆ పార్కుకి వెళ్ళలేను.

మాస్టారు_మౌలాలి | సోమవారం, ఉదయం 8:20

మాలి వేలిముద్రనే మొదటి ముద్రగా లెక్క వెయ్యాలి. నాది అదే అభిప్రాయం, ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

చింటూ_వాళ్ళ_నాన్న | సోమవారం, ఉదయం 8:41

వచ్చే ఆదివారం మేమూ వస్తున్నాం. మా వాడు ఇంకో ఎరేజర్ చెక్కించుకున్నాడు, ఈసారి "చింటూ" సరిగ్గా పడింది, కానీ వాడికి పాతదే కావాలట. దారి ఎడమా కుడా ఇప్పుడే చెప్పెయ్యకండి, వాడినే తేల్చుకోనివ్వండి.

వేపచెట్టు_నీడ | సోమవారం, రాత్రి 9:05

మొదటి పెట్టె మూతలో క్లూ మార్చమని మాలికే ఫోన్ చేసి చెప్పాను, "పిట్ట తోక ఎటు ఉంటే అటు" అని. తాతల దగ్గర ఆయనే దిద్దాడు. కాలు నయమయ్యాక ఎడమ దారిలో వేప కింద మూడో పెట్టె పెడుతున్నా. ఇంతమంది వంగి వెతికిన చోట ఏమీ లేకపోతే బాగోదు.

ఇంకో వార్త. ఎడమ వేప దగ్గర ఊడుస్తుంటే ఎవరిదో దుద్దు నిజంగానే దొరికిందట. అసోసియేషన్ గ్రూపులో ఫోటో పెట్టారు, "యజమాని గుర్తులు చెప్పి తీసుకెళ్ళగలరు" అని. వన్ గ్రామ్ గోల్డ్, ఎర్ర రాయి. సుధగారూ, మీది కాదు కదా?

సుధ_తార్నాక | సోమవారం, రాత్రి 9:11

నాది కాదండీ. కానీ మాలికి ఏమని చెప్పను?